రెండు తప్పులు కలిసి కుట్టిన మిషన్: ఒక సింగర్ 15కే కేస్ స్టడీ

ఈ మిషన్‌కు మొదట ధర కట్టింది కిలోల లెక్కన. మే నెలాఖరు. బర్కత్‌పురాలో మా వీధి చివరి పాత ఇంటిని బిల్డర్‌కు ఇచ్చేశారు. గేటు ముందు పాత సామాన్ల బండి ఆగి ఉంది. బండి మీద బీరువా తలుపు, రెండు సీలింగ్ ఫ్యాన్లు, వాటి మధ్య వెల్లకిలా పడి ఉన్న నల్లటి కుట్టుమిషన్ తల. స్టాండు ఇంకా అరుగు మీదే ఉంది. ఆ ఇంటావిడను నేను పిన్నిగారు అని పిలుస్తాను. ఆవిడ బేరమాడుతున్నారు. "తల పదమూడు కిలోలుంటది, స్టాండు ఇరవై పైన. అంతా పోత ఇనుమే అమ్మా, దానికి రేటు తక్కువ" అంటున్నాడు బండి అతను. అతను అబద్ధం చెప్పడం లేదు. ఇలాంటివి ఎన్ని ఈ లెక్కనే కొలిమికి పోయాయో.

మూడు వేలిస్తానన్నాను. బండి అతని చేతిలో రెండొందలు పెట్టి తలను కిందికి దింపించాను. పిన్నిగారు డబ్బు తీసుకుంటూ ఒక్క మాటన్నారు: "బాగైతే ఒకసారి కుట్టి చూపించు నాయనా. మా అబ్బాయి నల్లకుంట ఫ్లాటులో చోటు లేదని గానీ, దీన్ని ఇలా పంపేదాన్నా?"

నా వృత్తి లెక్కలు రాయడం. మిషన్లు బాగుచేయడం పదకొండేళ్ల నాటి సరదా. ఇంట్లో అప్పటికే తొమ్మిది ఉన్నాయి. పదోది తెస్తే భోజనాల బల్ల బయటపెడతానని మా ఆవిడ హెచ్చరించింది కూడా. ఇది అరుదైన మిషన్ ఏమీ కాదు, పాత కుట్టుమిషన్లలో ఎక్కడైనా దొరికే రకమే. అయినా దీని గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం, నేను సరైన పని చేస్తున్నానని నమ్ముతూ చేస్తే మిషన్ మరింత చెడిపోవడం. ఎందుకు చెడిందో తెలుసుకోవడానికి నాకు ఐదు వారాలు పట్టింది.

కొనేటప్పుడు చూసింది

బండి మీద ఉండగానే చక్రం తిప్పి చూశాను. పావు చుట్టు తిరిగి ఆగింది. ఇక్కడ చేతికి ఏం తెలిసిందన్నది ముఖ్యం. గోడకు కొట్టుకున్నట్టు టక్కున ఆగితే లోపల ఏదో విరిగిందనో, తుప్పు పట్టేసిందనో, సూది కింద తిరుగుతూ పై దారాన్ని అందుకునే షటిల్ దగ్గర దారం ఉండకట్టి ఇరుక్కుందనో అనుకోవాలి. ఇది అలా ఆగలేదు. ముదురు పాకంలో గరిటె ఇరుక్కున్నట్టు మెత్తగా బిగుసుకుంది. అంటే ఎండిపోయిన నూనె. అది మిషన్‌ను చంపదు, నిద్రపుచ్చుతుంది.

తరువాత చూసేది ఏమేమి లేవు అన్నది. సూది కింద జరిగే స్లైడ్ ప్లేటు ఉందా, కింది దారం చుట్టిన బాబిన్‌ను పట్టి ఉంచే బాబిన్ కేసు ఉందా, సూది వైపు పక్కన మూతలా ఉండే ఫేస్ ప్లేటు స్క్రూ అసలుదేనా. సింగర్ స్క్రూల మరలు మామూలు హార్డ్‌వేర్ కొలతలకు సరిపడవు. రాణిగంజ్ అంతా తిరిగినా అచ్చంగా అదే స్క్రూ దొరకదు, ఇంకో పాత మిషన్ నుంచి తీసుకోవాల్సిందే. పోయిన ప్రతి స్క్రూకూ నేను మనసులో రెండొందలు తగ్గించుకుంటాను. దీనికి ఒక్కటీ పోలేదు. పోత ఇనుములో పగుళ్లు కూడా లేవు. పైన బంగారు తీగల అల్లిక ముద్రలు చాలావరకు నిలిచాయి, పిన్నిగారి కుడి చెయ్యి ఆనే చోట మాత్రం అరిగి నల్లబడ్డాయి.

బెడ్ మీద, అంటే గుడ్డ పరిచే చదును భాగం మీద, కుడివైపు సీరియల్ నంబరు వై అక్షరంతో మొదలవుతుంది. ఆ వరుస స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ కార్ఖానాది, 1920లు, 30ల తొలినాళ్ల మధ్యది. మోడల్ పేరులో 15 తరువాత వచ్చే 'కే' కూడా ఆ కార్ఖానా ఉన్న కిల్‌బోవీ అనే చోటుకు గుర్తు. 1880లలో కట్టిన ఆ కార్ఖానా 1980లో మూతపడింది. దాని పక్కనున్న రైల్వే స్టేషన్ పేరు మాత్రం ఇప్పటికీ 'సింగర్'. మూతపడిన కార్ఖానా పేరుతో రైళ్లు ఇంకా ఆగుతున్నాయన్న సంగతి తెలిసినప్పటి నుంచీ సీరియల్ నంబరు చూసినప్పుడల్లా నాకదే గుర్తొస్తుంది.

పిన్నిగారు చెప్పింది

విప్పడానికి ముందు వాడిన మనిషిని అడగడం నా అలవాటు. చాలాసార్లు అమ్మినవాళ్లు దొరకరు, ఈసారి దొరికారు. నేను రాసుకున్నవి ఇవి. మిషన్ అత్తగారిది. పిన్నిగారు దీని మీద నలభై ఏళ్లు జాకెట్లు, లంగాలు, దిండు గలీబులు కుట్టారు. ఇరవై ఏళ్లుగా మూలన ఉంది. నూనె? "ఇంట్లో ఏది ఉంటే అది. కొబ్బరినూనె, పల్లీనూనె." చలికాలం ఉదయం పూట చక్రం కదిలేది కాదట. "అప్పుడు వాకిట్లో ఎండలో పెట్టేదాన్ని. పది గంటలకు దానంతట అదే కదిలేది."

ఈ ఒక్క వాక్యంతో సగం రోగం బయటపడింది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. హైదరాబాద్ డిసెంబరు ఉదయాలు అంతకంటే ఎంత చల్లగా ఉంటాయో మనకు తెలిసిందే. పల్లీనూనె అలా పేరుకోదు గానీ ఏళ్లు గడిచేకొద్దీ గాలి తగిలి జిగురై, ఆ మీద గోధుమరంగు వార్నిషులా గట్టిపడుతుంది. ఈ మిషన్ రెండూ తాగింది.

ఇంకో మాట కూడా చెప్పారు. అప్పుడు దాని విలువ నాకు తెలియలేదు, రాసుకున్నాను అంతే. ఆఖరి రోజుల్లో దారం ఊరికే తెగేదట. "ఒకతను ఇంటికొచ్చి బాగుచేసి వెళ్లాడు. తరువాత కుట్టింది. దారం తెగడం మాత్రం పూర్తిగా పోలేదు."

విప్పడం, నా శానిటైజర్ తప్పు

స్క్రూలు విప్పిన వరుసలో పెట్టుకోవడానికి నేను పాత ఇడ్లీ ప్లేట్లు వాడతాను. ఒక్కో గుంటలో ఒక్కో భాగం, ఒక ప్లేటు మీద ఇంకో ప్లేటు. తిరిగి బిగించేటప్పుడు పై ప్లేటు నుంచి కిందికి రావాలి. అన్ని మోడళ్ల పట్టికలూ చదివి నేర్చుకున్నదానికంటే ఈ పద్ధతి నన్ను ఎక్కువసార్లు కాపాడింది. స్క్రూడ్రైవర్ మొన గాడికి సరిగ్గా అమరాలి. వదులుగా ఉంటే జారుతుంది, జారితే గాడి చెరుగుతుంది, వందేళ్ల స్క్రూ మీద ఆ గాయం శాశ్వతం. (గాడుల మీది గాయాల సంగతి ముందు ముందు వస్తుంది.)

జిగురు కరిగించడానికి పెయింట్ షాపుల్లో దొరికే మినరల్ టర్పెంటైన్ వాడాను. నూనె రంధ్రాలన్నిటిలో చుక్కలు వేసి, హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, చక్రాన్ని అటూ ఇటూ కదిపి, రాత్రంతా వదిలేసి, మళ్లీ పొద్దున. బలవంతం చేయలేదు. మూడో రోజుకు అర చుట్టు, ఐదో రోజుకు పూర్తి చుట్టు తిరిగింది. ఆరో రోజు లోపలి నుంచి తేనె రంగు ద్రవం కారి కింద పరిచిన పేపరు మీద మరకైంది. వాసన చూస్తే వంటింటి వాసన! స్లైడ్ ప్లేటు తుప్పును నిమ్మ ఉప్పు నీళ్లలో కాసేపు నానబెట్టి వదిలించాను. రంగు వేసిన భాగాలను ఆ నీళ్ల దరిదాపులకు రానివ్వకూడదు.

ఇక నా తప్పు. నల్లటి పూత మీద చేతి మురికి తుడవడానికి బల్ల మీదున్న శానిటైజర్ సీసా అందుకున్నాను. కరోనా నాటి అలవాటు. గుడ్డ మీద రెండు చుక్కలేసి, తల మీద బంగారు అక్షరాల్లో ఉన్న సింగర్ పేరు మీద ఒక్కసారి రుద్దాను. ఎన్ అక్షరం మొదట పాలలా తెల్లబడింది, మరుక్షణం గుడ్డకు అంటుకొచ్చింది. సగం ఎన్ పోయింది.

ఎందుకు పోయిందో నాకు తెలుసు, అదే సిగ్గు. ఆ ముద్రల మీద ఉన్న పారదర్శక పూత లక్క. వడ్రంగులు చెక్కకు పెట్టే స్పిరిట్ పాలిష్‌లో ఉండేది, చార్మినార్ దగ్గర లాడ్ బజార్‌లో గాజులు చేసేది, అన్నీ ఆ లక్కే. లక్కను స్పిరిట్ కరిగిస్తుంది, శానిటైజర్‌లో ఉన్నది ఆల్కహాలే. టర్పెంటైన్, కిరోసిన్, మిషన్ నూనె లక్కను కరిగించవు. ఎవరు అడిగినా ముద్రల మీద కొద్దిగా మిషన్ నూనె వేసి మెత్తటి గుడ్డతోనే తుడవండని చెప్పేవాణ్ణి. ఆ పూట నేనే వినలేదు. ఇప్పుడు బల్ల మీద శానిటైజర్ లేదు, వంటింట్లో ఉంది.

షటిల్ మార్చాను, కుట్టు పోయింది

అంతా శుభ్రం చేసి, మిషన్ నూనె వేసి, ఆరడుగుల కొత్త తోలు బెల్టు కట్టి, మొదటిసారి కుట్టాను. పాత కాటన్ పంచె గుడ్డ, 14 నంబరు సూది. ఈ మోడల్‌లో సూది చదును వైపు ఎడమకు ఉండాలి, దారం కుడి నుంచి ఎడమకు ఎక్కించాలి. చాలా గొడవలు ఇక్కడే తీరిపోతాయి కాబట్టి అది మొదట చూసుకున్నాను. కుట్టింది. అందంగా కాదు గానీ కుట్టింది. ప్రతి మూరకూ ఒకసారి దారం తెగింది, పిన్నిగారు చెప్పినట్టే.

షటిల్ తీసి భూతద్దం కింద పెట్టాను. మొన అరిగి మొద్దుబారింది. దాన్ని ఎవరో ఆకురాయితో సాన పట్టి గీతలు వదిలేశారు. దారం ఆ గీతలకు తగిలి తెగుతోంది. పైగా షటిల్ మీద సింగర్ ముద్ర లేదు, అంటే ఎప్పుడో మార్చిన డూప్లికేట్. ఇందులో ఆశ్చర్యం లేదు. మన దేశంలో 1930లలో కలకత్తాలో మొదలైన ఉషా మిషన్ల నల్ల తలలు కూడా ఈ 15 రకం నమూనాలోనివే. అందుకే ఈ రకానికి షటిళ్లు, బాబిన్లు, కేసులు లుధియానాలోనూ ఇంకెక్కడైనా తయారై దేశమంతా దొరుకుతాయి. ఇది మన అదృష్టమే, కొన్ని పాత జర్మన్ మిషన్లకు బాబిన్ కోసం ఏడాది వెతికినవాణ్ణి నేను. కానీ నాకు ముద్ర ఉన్న అసలు షటిలే కావాలనిపించింది. ఇది సరదా వ్యవహారం, పట్టుదలలో తర్కం ఉండనవసరం లేదు.

గురువారం జుమేరాత్ బజార్‌కు వెళ్లాను. పురానాపూల్ దగ్గర, నేల మీద గోనె పరిచి పాత ఇనుము, తాళాలు, గడియారాలు, ఫ్యాన్ల మోటార్లు పోసి అమ్మే సంత. ఒకచోట విరిగిన సింగర్ తల కనిపించింది. 15వ రకమే, భుజం దగ్గర పోత పగిలింది. ధర అడిగితే యాభై వేలన్నాడు! నవ్వాను. అతను నవ్వలేదు. ఫోన్ తీసి సూది దగ్గర పెట్టి, "లైన్ కట్ అయితే లోపల రెడ్ మర్క్యురీ ఉన్నట్టు సాబ్" అన్నాడు. ఈ పుకారు 2009 ఏప్రిల్‌లో సౌదీలో లేచింది. సింగర్ మిషన్ సూదిలో ఎర్ర పాదరసం ఉంటుందని, ఫోన్‌తో కనిపెట్టవచ్చని. రెండు లక్షల రియాళ్ల దాకా అడిగారని అప్పట్లో వార్తలొచ్చాయి. అలాంటి పదార్థమే లేదు, సూదిలో ఉండేది ఉక్కు ముక్క. కానీ గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు ఇంటింటా ఉన్న మన ఊళ్లో ఆ పుకారు ఇంకా అప్పుడప్పుడు ధర పెంచుతుంటుంది. ఫోన్ కట్ కాలేదు. సిగ్నల్ నాలుగు గీతలూ అలాగే ఉన్నాయి. ఏడొందలకు ఇచ్చాడు, పైగా నేనే మోసం చేశానన్నట్టు చూశాడు.

ఆ తలలోంచి షటిల్ తీశాను. ముద్ర ఉంది, మొన సూదిలా ఉంది, గీత లేదు. నా మిషన్‌లో పెట్టాను. ఎంత మృదువుగా తిరిగిందంటే, ఆ రాత్రి మా ఆవిడను పిలిచి చప్పుడు వినిపించాను.

పొద్దున కుట్టితే, కుట్టు వదిలేస్తోంది. నాలుగు కుట్లు పడతాయి, ఒకటి దాటేస్తుంది. కాటన్ దారంతో కొంత నయం, పాలిస్టర్ దారంతో మరీ ఘోరం. రెండు పొరల గుడ్డ మీద వరుసగా మూడేసి కుట్లు మాయం.

తరువాతి మూడు వారాలు నేను చేసిన పనులు చెప్పుకోవడానికి ఏమీ లేదు. సూదులు 11 నుంచి 18 దాకా మార్చాను. దారాలు మార్చాను. పై దారం బిగువు చూసే టెన్షన్ విప్పి బిళ్లల మధ్య నూలు తుడిచాను, అక్కడే దారాన్ని లాగి పట్టే చెక్ స్ప్రింగ్ సరిచేశాను. బాబిన్ కేసును దారంతో వేలాడదీసి, చెయ్యి కదిపితే కాస్త జారి ఆగుతోందో లేదో చూశాను. సరిగ్గా జారి ఆగుతోంది. పాదం ఒత్తిడి పెంచాను, తగ్గించాను. చివరికి పాత మొద్దు షటిల్ మళ్లీ పెట్టాను. కుట్టు వదలడం ఆగిపోయింది! దారం తెగడం మొదలైంది.

చెడ్డ షటిల్‌తో కుడుతుంది, మంచి షటిల్‌తో కుట్టదు. అప్పటికి నాకు నా చేతుల మీదే నమ్మకం పోయింది.

చాచా చూసిన స్క్రూ

పత్తర్‌గట్టి వెనక గల్లీలో ఒక ముసలి మెకానిక్ ఉన్నారు. అందరూ చాచా అంటారు, నేనూ అంతే. ఈ పని నాకు నేర్పింది ఆయనే, నేర్పుతున్నట్టు ఒప్పుకోలేదు గానీ. తలను సంచిలో పెట్టి ఆటోలో తీసుకెళ్లాను. విషయమంతా చెప్పాను. ఆయన షటిల్ చూడలేదు, సూది చూడలేదు. ఫేస్ ప్లేటు తీసి, టార్చి లోపలికి వేసి, చాయ్ తాగుతూ చాలాసేపు చూశారు.

"ఈ స్క్రూ చూడు బేటా. మిగతా గాడులల్ల గోధుమరంగు మైల ఇంకా అట్లనే ఉన్నది. ఇదొక్కటే మెరుస్తున్నది."

నీడిల్ బార్‌ను, అంటే సూదిని పైకీ కిందికీ మోసే కడ్డీని, పట్టి ఉంచే బిగింపు స్క్రూ అది. నేను లోపల మొత్తం కడిగానుగానీ ఆ స్క్రూల గాడుల లోపలిదాకా వెళ్లలేదు, వెళ్లకపోవడమే మంచిదైంది. మిగతావాటి గాడుల్లో పాత జిగురు నిండి ఉంది. ఈ ఒక్కదాని గాడిలో స్క్రూడ్రైవర్ జారిన గాయాలు, అంచులు చెరిగి తెల్లగా ఉన్నాయి. నేను దాన్ని ముట్టుకోలేదు. అంటే అంతకుముందు ఎవరో ముట్టుకున్నారు.

చాచా నీడిల్ బార్‌ను పైకి తెచ్చి నాకు చూపించారు. బార్ మీద, బిగింపుకు పైన కాకుండా సరిగ్గా దాని కింద, సన్నటి వలయం ఉంది. దశాబ్దాల పాటు బిగింపు అంచు ఆని ఉన్న చోట ఏర్పడిన గుర్తు. ఇప్పుడు ఆ గుర్తు బిగింపు కింద దాదాపు 2 మిల్లీమీటర్లు దిగి కనిపిస్తోంది. బార్‌ను ఎవరో అంత మేర కిందికి దించి మళ్లీ బిగించారు.

అప్పుడు కథ తిరిగింది. కుట్టు ఎలా పడుతుందంటే, సూది అట్టడుగుకు దిగి తిరిగి పైకి లేచేటప్పుడు దారం వదులై కంటికి కాస్త పైన చిన్న ఉంగరంలా ఉబ్బుతుంది. షటిల్ మొన సరిగ్గా ఆ క్షణంలో వచ్చి ఆ ఉంగరాన్ని అందుకోవాలి. నేను పాటించే లెక్క ప్రకారం సూది రెండు, రెండున్నర మిల్లీమీటర్లు లేచేసరికి మొన సూది దగ్గరికి రావాలి, సూది కంటికి మిల్లీమీటరున్నర పైన దాటాలి. షటిల్ మొన అరిగిపోయిందనుకోండి. మొన పొట్టి అవుతుంది, అది ఆలస్యంగా వస్తుంది. అది వచ్చేసరికి సూది ఎక్కువ లేచి, కన్నే మొన ఎత్తుకు వచ్చేస్తుంది. ఉంగరం దొరకదు. దీనికి సరైన మందు కొత్త షటిల్. కానీ ఇంకో దారి కూడా ఉంది. సూదినే కాస్త కిందికి దించేస్తే, ఆలస్యంగా వచ్చిన మొనకు కన్ను మళ్లీ సరైన ఎత్తులో దొరుకుతుంది.

పిన్నిగారి ఇంటికొచ్చిన మనిషి చేసింది అదే. నేను తెచ్చిన మంచి షటిల్ మొన మాత్రం సమయానికే వస్తోంది. అయితే సూది అప్పటికే దిగి ఉంది కదా, మొన కంటికి మూడు మిల్లీమీటర్లకు పైనే దాటిపోతోంది. అంత ఎత్తులో ఉంగరం సన్నం. బిర్రుగా ఉండే కాటన్ దారం కొంత నిలబడింది, జారుడు పాలిస్టర్ నిలబడలేదు. ఒక తప్పును ఇంకో తప్పు మోస్తోంది. నేను ఒకదాన్ని తీసేశాను.

"ఎవడో వెధవ బార్‌ను కెలికాడు" అన్నాను.

చాచా ఒప్పుకోలేదు. "వెధవ కాదు బేటా. కొత్త షటిల్ దొరకలేదేమో. దొరికినా ఆ ఇంట్ల అప్పుడు పైసలు లేవేమో. ఉన్నదానితోని మిషన్ నడిపించిండు. నువ్వు ఐదు వారాలల్ల నడిపించలేదు."

పాత మిషన్లు విప్పేటప్పుడు ముందు మెకానిక్‌లను తిట్టుకోవడం మా సరదా జనంలో మామూలే. తీగ చుట్టిన చోట, మేకు కొట్టిన చోట ఒక నిట్టూర్పు. ఆ రోజు నుంచి కాస్త తగ్గించాను. ఎవరైనా చెయ్యి పెట్టిన చోటు కనిపిస్తే, ఎందుకు పెట్టాడు, ఏది అడ్డొస్తే దీన్ని కదిపాడు అని ముందు వెతుకుతున్నాను. ఫోటో తీసి పెట్టుకుంటున్నాను. కడగడం ఆ తరువాతే, ఎందుకంటే మైల పోతే సాక్ష్యం కూడా పోతుంది.

బార్‌ను సరిచేయడానికి పావుగంట పట్టింది. గాయపడ్డ గాడికి సరిపోయే స్క్రూడ్రైవర్ వెతకడానికే అందులో పది నిమిషాలు. స్క్రూ వదులు చేసి, బార్ తిరిగిపోకుండా పట్టుకుని, పాత వలయం బిగింపు అంచుకు కలిసేదాకా పైకి జరిపి బిగించాం. బార్ కాస్త పక్కకు తిరిగితే సూది చదును వైపు మారిపోతుంది కాబట్టి సూది పెట్టి ఉంచే చేయాలి. తరువాత స్లైడ్ ప్లేటు తెరిచి చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ చూశాను. మొన కంటికి కొద్దిగా పైన, ఉండాల్సిన చోట, ఉంగరంలోకి దూరింది. చాచా షాపులో ఉన్న జీన్స్ ముక్క రెండు మడతలు పెట్టి, పాలిస్టర్ దారంతో, 16 నంబరు సూదితో కుట్టాను. ఒక్క కుట్టు వదల్లేదు. డబ్బిస్తే తీసుకోలేదు, ఇంకో చాయ్ తెప్పించమన్నారు.

లెక్క

కొన్నది 3,000. బండి అతనికి 200. విరిగిన తల 700. బెల్టు, సూదులు, నూనె, టర్పెంటైన్ కలిపి 600 దాటలేదు. ఆటోలు, చాయ్‌లు రాయలేదు. పని గంటలు రాస్తే ఈ సరదా మానేయాల్సి వస్తుంది. ఒక విషయం ఇంకా మిగిలి ఉంది. బాబిన్‌కు దారం చుట్టే చోట రబ్బరు రింగు గట్టిపడింది, కొత్తది వేసినా ఒక్కోసారి జారుతోంది. వేలితో కాస్త నొక్కితే చుట్టుకుంటుంది. అలాగే వదిలేశాను.

ఆగస్టులో పిన్నిగారిని పిలిచాను. స్టాండు ముందు కూర్చుని, కాళ్లు పెట్టి, చూడకుండానే చక్రాన్ని చేత్తో తన వైపుకు ఒక్క తిప్పు తిప్పారు. మొదటి తొక్కుకే వెనక్కు పోకుండా ముందుకే పోయింది. ఇరవై ఏళ్ల తరువాత! మేం కొత్తవాళ్లం పదిసార్లు దారం తెంపితే గానీ రాని ఒడుపు అది. ఒక దిండు గలీబు అంచు కుట్టారు. తరువాత తల మీది పేరు మీద వేలితో రాసి, "ఇక్కడ అక్షరం ఉండేదే" అన్నారు.

"నేనే పోగొట్టాను పిన్నిగారూ."

"పోనీలే. మా అత్తగారు నలభై ఏళ్లు నిమ్మకాయతో తోమితే పోనిది నీ చేతిలో పోయింది" అన్నారు. అది ఓదార్పో ఎత్తిపొడుపో నాకింకా తేలలేదు. నిమ్మకాయతో తోమారన్నది మాత్రం నా నోట్సులో ఎక్కింది.

దసరాకు మనవరాళ్లకు లంగాలు కుట్టి పంపిస్తాను, అప్పటిదాకా ఉంచుకోనా అని అడిగారు. నల్లకుంట ఫ్లాటు బాల్కనీలో చోటు దొరికింది. దసరా అయిపోయింది, దీపావళీ అయిపోయింది. మిషన్ అక్కడే ఉంది. అమ్మినావిడ దగ్గరే ఉన్న మిషన్‌కు నేను మూడు వేలిచ్చినట్టయింది. మా ఇంట్లో మిషన్ల సంఖ్య తొమ్మిదే అని మా ఆవిడ సంతోషించింది.

పంపేటప్పుడు రెండు సీసాల మిషన్ నూనె ఇచ్చి, వంటింటి నూనె వేయొద్దని ఒట్టు పెట్టించుకున్నాను. నిజానికి నా పని బాగైందో లేదో అప్పటికి తెలియదు. వేసవిలో, వానాకాలంలో ఏ నూనె అయినా కదులుతుంది. లోపల ఏ మూలనైనా పాత కొబ్బరినూనె మిగిలి ఉంటే చలికాలమే చెప్పాలి. అందుకే కేసు ఫైలు మూయలేదు.

డిసెంబరు రెండో వారం. మా బాల్కనీ థర్మామీటర్‌లో ఉదయం ఆరున్నరకు 13 డిగ్రీలు. ఏడింటికి పిన్నిగారి ఫోన్.

"ఎండలో పెట్టలేదు నాయనా. ఒక్క చేత్తో తిరిగింది."